దేవుడి ముందు తగ్గాను, తమ్ముడి ముందూ తగ్గాలా?

*మాది విశాఖపట్నం, మల్కాపురం. వయసు 54. చర్చి సంఘంలో పెద్దగా ఉన్నాను. రోజూ తెల్లవారుజామున నాలుగింటికే లేచి మోకాళ్ళ ప్రార్థన చేస్తాను. అమ్మ ఆస్పత్రి ఖర్చంతా నేనే భరించాను. ఆమె జ్ఞాపకార్థ కూడికలో, భోజనాల దగ్గర, "నువ్వు రూపాయైనా పెట్టావా?" అని తమ్ముణ్ణి అందరి ముందూ అనేశాను. వాడు విస్తరి ముందు నుంచి లేచి వెళ్ళిపోయాడు. ఎనిమిది నెలలుగా మాటల్లేవు. వెళ్ళి క్షమాపణ అడగమని నా భార్య పోరుతోంది. దేవుడి ముందు రోజూ తగ్గించుకుంటూనే ఉన్నాను, నా మనసు ఆయనకి తెలుసు. పెద్దవాణ్ణయి ఉండి చిన్నవాడి గుమ్మం తొక్కాలా? – ఒక సోదరుడు*

మీ ఉత్తరం నాలుగు పేజీలు. ఇక్కడ కుదించి వేశాం. అందులో ఆస్పత్రి బిల్లుల మాట ఐదు చోట్ల ఉంది. తమ్ముడి పేరు ఒక్కచోటా లేదు, అంతటా "వాడు".

లూకా సువార్త 18వ అధ్యాయంలో, దేవాలయానికి ప్రార్థనకి వెళ్ళిన పరిసయ్యుడు (ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించేవాడు), సుంకరి (పన్ను వసూలు చేసేవాడు) కథ మీకు నేను చెప్పక్కర్లేదు, సంఘంలో మీరే చెప్పి ఉంటారు. పరిసయ్యుడు అబద్ధమాడాడని ఆ కథలో ఎక్కడా లేదు. వారానికి రెండుసార్లు ఉపవాసం, సంపాదనలో పదోవంతు, అన్నీ నిజంగానే చేసి ఉంటాడు. మీరు ఖర్చు పెట్టిందీ నిజమే. ప్రార్థన మధ్యలో పక్కకి చూసి "ఈ సుంకరిలాంటి వాణ్ణి కాదు" అన్నాడే, అక్కడ చెడింది. రోమా పాలకుల కోసం పన్నులు పిండే సుంకరిని ఊరంతా అసహ్యించుకునేది. అతను ఎవరి వంకా చూడలేదు. "దేవా, పాపినైన నన్ను కరుణించుము" అన్నాడు, అంతే. దేవుడి దగ్గర నీతిమంతుడిగా ఇంటికి వెళ్ళింది అతనే.

తగ్గింపు అనే మాట వింటే నాకు జగదాంబ జంక్షన్ బట్టల కొట్ల బోర్డులు గుర్తొస్తాయి. కొన్నిచోట్ల ధర ముందే పెంచేసి, తర్వాత తగ్గింపు అని రాస్తారు. నా ప్రార్థనలూ చాలాసార్లు ఆ కొట్టు సరుకే.

"నా మనసు ఆయనకి తెలుసు" అన్నారు. తెలుసు కాబట్టే మత్తయి 5వ అధ్యాయంలో, నీ మీద సహోదరుడికి విరోధం ఉందని గుర్తొస్తే, అర్పణను బలిపీఠం ముందే వదిలేసి ముందు వెళ్ళి సమాధానపడమన్నాడు. తప్పెవరిదో, ఎవరు పెద్దో ఆ మాటలో లేదు. ఇక పెద్దరికం సంగతంటారా, యోహాను 13లో పాదాలు కడిగింది శిష్యులు కాదు. తండ్రి సమస్తం తన చేతికి అప్పగించాడని ఎరిగిన యేసే తువాలు కట్టుకుని దాసుడి పనికి ఒంగాడు.

ఒక పక్కమాట. ఈ తగ్గింపు మాటే పట్టుకుని, దెబ్బలు తింటున్న ఆడపిల్లకి "తగ్గించుకుని కాపురం చేసుకో" అని చెప్పే పెద్దలున్నారు. ఆ సుంకరి కథ చివరి వాక్యంలో "తన్ను తాను తగ్గించుకొనువాడు" అని ఉంది, ఎదుటివాణ్ణి అణగదొక్కమని లేదు. మీ విషయంలో అన్నది మీరు, పడింది అతను. తగ్గాల్సింది మీరే.

ఆదివారం ఆరాధన అయ్యాక నలుగురిలో చేయి పట్టుకోకండి, అది మళ్ళీ సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పినట్టుంటుంది. ఏదో ఒక వారపు రోజు సాయంత్రం ఒక్కరే వెళ్ళండి. పాస్టరుగారిని వెంటబెట్టుకోవద్దు. "అమ్మ కూడికలో నిన్ను అన్నం ముందు నుంచి లేపాను, నాది తప్పు, క్షమించు" అనండి. దాని వెనక "కానీ" పెట్టకండి. "కోపంలో అన్నాను" అని కూడా కలపకండి. డబ్బు లెక్కలేమైనా తేలాల్సి ఉంటే ఇంకో రోజు, ఇంకో మాటగా మాట్లాడుకోవచ్చు.

తలుపు తీయకపోవచ్చు. తీసి, ఎనిమిది నెలల కోపం మీ మీద గుమ్మరించనూవచ్చు. బదులు చెప్పకుండా వినండి. ప్రభువు తన పాదాలు కడగబోతే వద్దన్న శిష్యుడు పేతురు గుర్తున్నాడుగా, పుచ్చుకోవడం కూడా మనకి కష్టమే. మీ మరదలు టీ తెస్తే మొహమాటపడకుండా కూర్చుని తాగండి.