క్లినికల్ సైకాలజీకి ముందు వాలంటీర్ పని: చెన్నైలో ఎక్కడ, ఎలా?

ఎంఏ సైకాలజీ చివరి ఏడాది, ఉండేది చెన్నైలో, తమిళం అంతంతమాత్రం. క్లినికల్ సైకాలజీ కోర్సుకు అప్లై చేసేలోపు వాలంటీర్‌గా ఎక్కడ చేస్తే పనికొస్తుందని మీరు అడిగారు. నేనూ అదే దారిలో వచ్చాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

సీటు తెచ్చిపెట్టేది వాలంటీర్ సర్టిఫికెట్ కాదు. ఈ కోర్సులకు గుర్తింపు ఇచ్చేది ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా). దాని గుర్తింపు ఉన్న క్లినికల్ సైకాలజీ ఎంఫిల్‌కు సాధారణంగా పీజీలో 55 శాతం మార్కులు అడిగేవారు, ఆపైన ఎంట్రన్స్, ఇంటర్వ్యూ ఉండేవి. పైగా యూజీసీ 2022లో ఎంఫిల్‌ను ఎత్తేసి, క్లినికల్ సైకాలజీకి మాత్రం 2025-26 విద్యా సంవత్సరం దాకా గడువిచ్చింది. మీరు చేరే ఏడాదికి ఏ కోర్సుకు గుర్తింపు ఉందో ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో చూసుకున్నాకే ఎక్కడైనా ఫీజు కట్టండి.

అయినా వాలంటీర్ పని చేయమనే అంటాను. రోజంతా జబ్బుతో ఉన్నవాళ్ల మధ్య మనం ఉండగలమా లేదా అన్నది పుస్తకాలు చదివితే తేలదు.

నేను స్కిజోఫ్రేనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు నుంచి కోలుకుంటున్నవాళ్ల డే కేర్ సెంటర్‌కు వెళ్లేదాన్ని. నా పని వాళ్లతో కూర్చుని కాగితం కవర్లు అతికించడం, మధ్యాహ్నం క్యారమ్స్ ఆడటం, అంతే. అక్కడ ఒకాయన ఒక కవరు మడిచేవాడు, లేచి గుమ్మం దాకా వెళ్లేవాడు, వచ్చి కూర్చునేవాడు, మళ్లీ లేచేవాడు. కూర్చున్నప్పుడు కూడా పాదాలు కదులుతూనే ఉండేవి. చూసినవాళ్లెవరైనా పని మీద మనసు లేదనుకుంటారు. అక్కడి సోషల్ వర్కర్ నన్ను పక్కకు పిలిచి, "విసుగు కాదమ్మా, మందు వల్ల కుదురుగా కూర్చోలేకపోతున్నాడు" అన్నారు. దాన్ని అకతీసియా అంటారు. ఆమె డాక్టరుకు చెప్పారు, డోసు మార్చారు, మనిషి నెమ్మదించాడు. పరీక్ష కోసం బట్టీపట్టిన సైడ్ ఎఫెక్ట్ ఒక మనిషి కాళ్లలో కనిపించడం నా చదువునే మార్చేసింది. ఇంటర్వ్యూలో "అక్కడ ఏం చూశారు?" అని అడిగితే ఇదే చెప్పాను. మిగతా ప్రశ్నలన్నీ దాని చుట్టూనే నడిచాయి.

ఇక చోట్లు. మానసిక వైద్యురాలు శారదా మేనన్ 1984లో మొదలుపెట్టిన స్కార్ఫ్ అనే సంస్థ అన్నానగర్‌లో ఉంది, స్కిజోఫ్రేనియా మీద వాళ్లకు చాలా అనుభవం. 1993లో మొదలైన ద బానియన్ దిక్కులేక రోడ్డున పడ్డ మానసిక రోగుల కోసం పనిచేస్తుంది. 1986 నుంచి ఉన్న స్నేహ ఆత్మహత్యల నివారణ సంస్థ, అక్కడ వాలంటీర్ల పని వినడమే, సలహాలివ్వడం కాదు. ఎవరికి ఎప్పుడు వాలంటీర్లు కావాలో నేరుగా అడగండి. "కౌన్సెలింగ్ చేస్తాను" అని రాయకండి. శిక్షణ లేకుండా అది చేయకూడదు, మంచి సంస్థ ఏదీ చేయనివ్వదు కూడా. వారంలో ఏ రోజు ఖాళీయో, ఎన్ని నెలలు రాగలరో రాయండి. నాలుగు చోట్ల నెల నెల చేసేకంటే ఒక్కచోట ఏడాది ఉండటం మేలు. అప్పుడే ఒకే మనిషిని బాగున్నప్పుడూ, జబ్బు తిరగబెట్టినప్పుడూ చూస్తారు.

డబ్బు తీసుకుని రెండు వారాల్లో ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ల జోలికి మాత్రం దయచేసి పోకండి.

తమిళం గురించి టెన్షన్ వద్దు, వింటూ ఉంటే వచ్చేస్తుంది. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వైద్యానికి వచ్చే కుటుంబాలకు తెలుగు మాట్లాడే మనిషి దొరకడం పెద్ద ఊరట. వాళ్లు చెప్పిన మాటను మెత్తబరచకుండా ఉన్నదున్నట్టు డాక్టరుకు చేరవేయండి, ముఖ్యంగా చచ్చిపోవాలని ఉందన్న మాటను.

రోజూ చూసింది నోట్‌బుక్‌లో రాసుకోండి, పేర్లూ ఊర్లూ లేకుండా. 2017 మానసిక ఆరోగ్య చట్టం రోగి గోప్యతను హక్కుగా ఇచ్చింది, వాట్సాప్ స్టేటస్‌లకు కూడా అది వర్తిస్తుందనే అనుకోండి. చివర్లో సిఫార్సు లెటర్ కావాలంటే డైరెక్టర్‌ని కాదు, మీ పని దగ్గరుండి చూసిన సోషల్ వర్కర్‌నో సైకాలజిస్టునో అడగండి.