ఆగేది ఇంజన్, మోసేది రౌటర్: రెంటినీ కలిపేటప్పుడు

ప్రశ్న: విదేశంలో కొత్త ఉద్యోగంలో చేరి నెల కాలేదు. ప్రాజెక్టులో కాముండా 7 (పని అడుగులను వరుసగా నడిపే వర్క్‌ఫ్లో ఇంజన్), అపాచీ క్యామెల్ (మెసేజ్‌లను మార్చి దారి పట్టించే రౌటర్), యాక్టివ్‌ఎమ్‌క్యూ (మెసేజ్‌లను క్యూల్లో ఉంచి అందించే బ్రోకర్) ఉన్నాయి. వర్క్‌ఫ్లో ఇంజన్‌ను మెసేజ్ రౌటింగ్‌తో కలిపే పని నాకు అప్పజెప్పారు. దేన్నుంచి మొదలుపెట్టాలి? ఎక్కడ దెబ్బ తింటాం?

జవాబు: కోడ్ ముట్టుకోకముందే ఒక్క సంగతి తేల్చుకోండి. ఆగేది ఎవరు, మోసేది ఎవరు? ఆమోదం కోసం మూడు రోజులు, కస్టమర్ కాగితాల కోసం రెండు వారాలు ఆగడం ఇంజన్ పని. అది తన స్థితిని డేటాబేసులో రాసుకుని పక్కకు తప్పుకుంటుంది. సర్వర్ పడి లేచినా ఎక్కడ ఆగిందో దానికి తెలుసు. మెసేజ్ అందుకోవడం, ఎక్స్‌ఎమ్‌ఎల్‌ను జేసన్‌గా మార్చడం, లోపలి విషయాన్ని బట్టి ఏ క్యూకు వెళ్లాలో తేల్చడం రౌటర్ పని. క్యామెల్‌లో జేఎమ్‌ఎస్ (జావాలో మెసేజ్‌లు పంపుకునే ప్రమాణం) మీద అడిగి జవాబు కోసం కాచుకునే పద్ధతికి డిఫాల్ట్ గడువు 20 సెకన్లే. దాన్ని గంటలకు పెంచాలని ఎవరైనా అంటే, ఆ పని ఇంజన్‌దని అక్కడే చెప్పేయండి.

తప్పు రెండో వైపు నుంచి కూడా జరుగుతుంది. బీపీఎమ్‌ఎన్ బొమ్మలో (ఇంజన్ నడిపే ప్రాసెస్‌ను గీసే బొమ్మ) ‘జేసన్‌గా మార్చు’, ‘హెడర్ చేర్చు’ అనే పెట్టెలు కనబడితే అవి రౌట్‌లోకి (క్యామెల్‌లో మెసేజ్ నడిచే దారి) పోవాల్సినవి. ఆ బొమ్మను బిజినెస్ వాళ్లు కూడా చదువుతారు. వాళ్లకు అర్థంకాని పెట్టె అందులో ఉండకూడదు.

కలపడానికి దారులు రెండు. యాక్టివిటీ, ఫ్లోవబుల్ లాంటి ఇంజన్లలో సర్వీస్ టాస్క్‌నే (బొమ్మలో ప్రోగ్రాం చేసే అడుగు) క్యామెల్ రకం అని ప్రకటించవచ్చు. అప్పుడు రౌట్, ఇంజన్ ఒకే జేవీఎమ్‌లో, అంటే నడుస్తున్న ఒకే జావా ప్రోగ్రాంలో, ఉంటాయి. రాయడం తేలిక, విడదీయడం కష్టం. కాముండా 7లో నేను సూచించేది ఎక్స్‌టర్నల్ టాస్క్. ఇంజన్ బయట నడిచే వర్కర్ అనే ప్రోగ్రాం టాపిక్ (పని రకం) పేరుతో పని అడిగి, తాళం వేసుకుని, పూర్తయ్యాక ఇంజన్‌కు చెబుతుంది. తాళం గడువు మీ పని పట్టే గరిష్ఠ సమయం కన్నా ఎక్కువ ఉండాలి. గడువు ముందే తీరితే ఇంకో వర్కర్ అదే పనిని ఎత్తుకుంటుంది, మెసేజ్ రెండుసార్లు పోతుంది.

ఇంకో కారణం కూడా ఉంది. కాముండా 7 కమ్యూనిటీ ఎడిషన్ 2025 అక్టోబరుతో ఆగిపోయింది. కాముండా 8 లోపల ఉండేది జీబీ అనే వేరే ఇంజన్, దాన్ని మీ అప్లికేషన్‌లో ఇమడ్చలేరు. ఇంజన్‌తో మాట్లాడే కోడంతా ఒకే అడాప్టర్‌లో పెట్టి, రౌట్లలో ఇంజన్ క్లాసు ఒక్కటి కూడా కనబడకుండా చూస్తే రేపటి వలస సగం అయినట్టే.

ఇక అసలు గండం. ఇంజన్ మెసేజ్ పంపింది, తర్వాతి అడుగు జవాబు కోసం ఆగే రిసీవ్ టాస్క్. అవతలి సిస్టమ్ చురుకైనదైతే, మీ ట్రాన్సాక్షన్ కమిట్ కాకముందే (డేటాబేసులో ఖాయం కాకముందే) జవాబు వచ్చేస్తుంది. ఆ క్షణానికి డేటాబేసులో కాచుకుని ఉన్నవాళ్లెవరూ లేరు. కాముండా 7 మిస్‌మ్యాచింగ్ మెసేజ్ కారిలేషన్ ఎక్సెప్షన్ (జవాబు కచ్చితంగా ఒక్క ప్రాసెస్‌కు జత కాలేదనే లోపం) విసురుతుంది, జవాబు డెడ్ లెటర్ క్యూ (అందని మెసేజ్‌లు చేరే చోటు) పాలవుతుంది, ప్రాసెస్ మాత్రం ఎదురుచూస్తూనే ఉంటుంది. మీ ల్యాప్‌టాప్‌లో ఎప్పుడూ కనబడదు, లోడ్ పెరిగిన రోజున బయటపడుతుంది. ఎక్స్‌టర్నల్ టాస్క్ వాడినా తప్పదు, ఎందుకంటే వర్కర్ పంపడానికీ, ‘పూర్తయింది’ అని చెప్పడానికీ మధ్య అదే సందు ఉంటుంది. ముందు పూర్తయిందని చెప్పి తర్వాత పంపుదామంటే, మధ్యలో వర్కర్ చచ్చిపోతే మెసేజే పోదు.

దీనికి శుభ్రమైన మందు బొమ్మలోనే ఉంది. ప్యారలల్ గేట్‌వే (దారిని ఒకేసారి నడిచే కొమ్మలుగా చీల్చేది) పెట్టి ఒక కొమ్మలో పంపే ఎక్స్‌టర్నల్ టాస్క్, రెండో కొమ్మలో రిసీవ్ టాస్క్ పెట్టండి. రెండూ ఆగే చోట్లే కాబట్టి రెండూ ఒకే కమిట్‌లో డేటాబేసులోకి చేరతాయి. వర్కర్ పని ఎత్తుకునే సరికే కాచుకునేవాడు సిద్ధంగా ఉంటాడు. రిసీవ్ టాస్క్‌కు బౌండరీ టైమర్ (గడువు తీరితే వేరే దారి పట్టించేది) తగిలించడం మరవొద్దు. పంపే కొమ్మ విఫలమైతే రెండోది నోరు తెరుచుకుని ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

బొమ్మ మార్చే అధికారం లేకపోతే, జవాబు మోసే రౌట్‌లో ఆ ఎక్సెప్షన్‌కు మాత్రమే రీట్రై పెట్టండి. అర సెకను నుంచి మొదలై ప్రతిసారీ రెట్టింపవుతూ ఐదుసార్లు అంటే మొత్తం 15.5 సెకన్లు. రెట్టింపు కావాలంటే క్యామెల్‌లో ఎక్స్‌పొనెన్షియల్ బ్యాకాఫ్ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉండాలి. జీబీలో ఈ తలనొప్పి తక్కువ. మెసేజ్‌కు టైమ్ టు లివ్ (నిలవ ఉండే గడువు) ఇస్తే అంతసేపు దాన్ని దాచి ఉంచుతుంది. సున్నా ఇస్తే దాచదు.

జవాబును ఏ ప్రాసెస్‌కు ఇవ్వాలో తేల్చే తాళంచెవి విషయంలో చాలామంది ఆర్డర్ నంబరును బిజినెస్ కీగా (ప్రాసెస్‌కు మనం ఇచ్చే గుర్తింపు) వాడేస్తారు. కాముండా 7 బిజినెస్ కీ ఒక్కటే ఉండాలని పట్టుబట్టదు. ఒకే ఆర్డర్‌కు రెండు ప్రాసెస్‌లు నడుస్తుంటే, రెండూ సరిపోయాయి కాబట్టి మళ్లీ అదే ఎక్సెప్షన్. పంపే ప్రతి మెసేజ్‌కూ కొత్త యూయూఐడీ (మరెక్కడా రాని గుర్తింపు) పుట్టించి, ప్రాసెస్ వేరియబుల్‌గా దాచి, జేఎమ్‌ఎస్ కారిలేషన్ ఐడీగా పంపండి. సొంత హెడర్‌లో (మెసేజ్‌కు పైన తగిలించే పేరూ విలువా) పెడితే పేరులో అడ్డగీత, చుక్క వద్దు. జేఎమ్‌ఎస్‌కు అవి చెల్లవు కాబట్టి క్యామెల్ వాటిని ‘హైఫన్’, ‘డాట్’ అనే మాటలుగా మార్చి పంపుతుంది. అవతల క్యామెల్ లేకపోతే ఆ హెడర్ దొరకలేదని రోజంతా వెతుకుతారు.

రీట్రైల లెక్క కాగితం మీద వేయండి. వర్కర్ మూడుసార్లు ప్రయత్నిస్తుంది, లోపలి రౌట్‌లో గరిష్ఠ రీడెలివరీ ఐదు, అంటే మొదటిదానితో కలిపి ఆరు. అవతలి సర్వీస్‌కు తగిలే దెబ్బలు 18. క్యూ నుంచి ట్రాన్సాక్టెడ్‌గా (పని విఫలమైతే మెసేజ్ మళ్లీ వచ్చేలా) చదివే రౌట్ అయితే యాక్టివ్‌ఎమ్‌క్యూ క్లాసిక్ డిఫాల్ట్‌గా ఆరుసార్లు తిరిగి ఇస్తుంది, మొత్తం ఏడు. ఏడు ఆర్లు 42. రీట్రై ఒక్క పొరలోనే ఉంచండి. క్షణాల్లో తీరే తప్పుకు రౌటర్, గంటలు పట్టేదానికి ఇంజన్. ఖాతాలో డబ్బు లేదనేది సాంకేతిక లోపం కాదు, దానికి రీట్రై అసలే వద్దు. బీపీఎమ్‌ఎన్ ఎర్రర్‌గా ఇంజన్‌కు చెప్పి బొమ్మలో వేరే దారి పట్టించండి. వర్కర్ విఫలమయ్యానని ఇంజన్‌కు చెప్పకుండా ఊరుకుంటే తాళం గడువు తీరిన ప్రతిసారీ అదే పని మళ్లీ వస్తుంది, అంతులేకుండా. మిగిలిన ప్రయత్నాలు సున్నా అని చెప్పినప్పుడే ఇన్సిడెంట్ పుడుతుంది, మనిషికి కనబడుతుంది.

ఎంత జాగ్రత్తపడినా ఒక మెసేజ్ రెండుసార్లు వస్తుంది. అందుకు క్యామెల్‌లో ఐడెంపొటెంట్ కన్స్యూమర్ (ఇదివరకే వచ్చిన మెసేజ్‌ను వదిలేసేది) ఉంది. కానీ మెమరీలో ఉండే రకం సర్వర్ రీస్టార్ట్‌తో అంతా మరచిపోతుంది, రెండు నోడ్లుంటే ఒకదాని సంగతి ఇంకోదానికి తెలియదు. డేటాబేసు రకమే వాడండి. సెడా క్యూలదీ (క్యామెల్ మెమరీలోనే పెట్టే క్యూలు) అదే కథ: జేవీఎమ్ పోతే అందులో ఉన్నవన్నీ పోతాయి, పైగా వేరే థ్రెడ్ కాబట్టి మీ ట్రాన్సాక్షన్ అక్కడిదాకా రాదు.

ప్రాసెస్ వేరియబుల్స్‌లో మెసేజ్ మొత్తం కుక్కొద్దు. కాముండా 7లో స్ట్రింగ్‌కు హద్దు 4000 అక్షరాలు, పైగా అన్నీ హిస్టరీ టేబుళ్లలోకి చేరతాయి. మెసేజ్‌ను వేరేచోట దాచి దాని గుర్తింపు మాత్రమే ఇంజన్‌కు ఇవ్వండి. కస్టమర్ వివరాలు ఎక్కడెక్కడ నిలవ ఉన్నాయని ఆడిట్‌లో అడిగినప్పుడు కూడా ఇదే కాపాడుతుంది.

టైమర్ల గురించి ఒక మాట, మనవైపు నుంచి వచ్చినవాళ్లకు ఇది తట్టదు. గడియారాన్ని ఏడాదికి రెండుసార్లు గంట జరిపే దేశాల్లో ఒక రాత్రి ఒక గంట ఉండదు, ఇంకో రాత్రి అదే గంట రెండుసార్లు వస్తుంది. తెల్లవారుజామున రెండున్నరకు అని స్థానిక సమయంలో పెట్టిన జాబ్ ఆ రోజు దాటిపోవచ్చు, లేదా రెండుసార్లు నడవచ్చు. సర్వర్లు యూటీసీలో (గంట జరపని ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంచండి, స్థానిక సమయం ప్రకారం అర్ధరాత్రి దాటాక ఒంటిగంట నుంచి మూడింటి మధ్య ఏదీ పెట్టొద్దు.

టెస్టింగ్‌కు ఇచ్చే ముందు నాలుగు పనులు చేతితో చేసి చూడండి. పంపిన వెంటనే వర్కర్‌ను చంపండి. బ్రోకర్‌ను ఆపి పది నిమిషాల తర్వాత లేపండి. ఒకే జవాబును రెండుసార్లు క్యూలో వేయండి. ప్రాసెస్ రద్దయ్యాక దాని జవాబు పంపండి. ఆఖరిదానికి ఏం జరగాలో చాలా టీముల్లో ఎవరూ రాసి పెట్టరు, డిజైన్ మీటింగులోనే అడిగేయండి.