కుస్కో నగరాన్ని గైడుతో చూడటం అవసరమా?

పెరూలోని కుస్కోను పటం పట్టుకొని సొంతంగా చూస్తే సరిపోదా, గైడు యాత్ర ఎందుకు అన్నది ప్రశ్న. వీధులు తిరగడానికి గైడు అక్కరలేదు గాని, అక్కడి గోడల కథ అర్థం కావాలంటే తెలిసినవారు పక్కన ఉండటమే మేలని నా అభిప్రాయం. స్పెయిన్ వారు రాకముందు ఇక్కడ ఏలిన ఇంకాల సూర్యాలయమైన కొరికాంచా గోడలపైనే స్పెయిన్ వారు సాంతో దొమింగో మఠాన్ని కట్టారు; 1950 నాటి భూకంపంలో ఆ మఠం బాగా దెబ్బతినగా, దాని కింద ఇంకాలు సున్నం లేకుండా పేర్చిన రాతిగోడలు చెక్కుచెదరక నిలిచాయి. నగరపు ప్రధాన చర్చి అయిన కెథడ్రల్‌లో మార్కోస్ జపాటా అనే చిత్రకారుడు గీసినదిగా చెప్పే 'చివరి విందు' చిత్రంలోనైతే, క్రీస్తు ముందున్న పళ్లెంలో ఆండీస్ వాసులు ఇష్టంగా తినే గినియా పంది (పేరుకు పందే గాని, ఎలుక జాతి చిన్న జంతువు) కనిపిస్తుంది. ఎవరూ చూపకపోతే దాన్ని గమనించకుండానే దాటిపోతాం.

సాధారణంగా ఒక పూట సాగే నగరయాత్రలో వీటితోపాటు ఊరి పైనున్న సాక్సాయ్‌వమాన్, కెన్కో, తంబోమచాయ్ కూడా ఉంటాయి. నగరపు పర్యాటక టికెట్టు ఈ కొండమీది శిథిలాలకు చెల్లుతుంది గాని, కెథడ్రల్‌కూ కొరికాంచా లోపలికీ విడిగా కొనాలి కనుక, యాత్ర ధరలో ఏవి కలిసి ఉన్నాయో ముందే అడగాలి. నగరం సుమారు 3,400 మీటర్ల ఎత్తున ఉండి, పలచటి గాలికి ఒళ్లు అలవాటు పడటానికి సమయం పడుతుంది కనుక, విమానం దిగిన రోజునే యాత్ర పెట్టుకోకపోవడం మంచిది.