ఆ ఊరేగింపు ఫొటో ఏ కాలానిది?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మా అమ్మాయి అమెరికాలో లాస్ వేగాస్‌లో ఉంటుంది. మొన్న వెళ్ళినప్పుడు అక్కడ పాత సామాన్ల కొట్లో ఒక బ్లాక్ అండ్ వైట్ ఫొటో కొన్నాం. ఫ్రీమాంట్ స్ట్రీట్‌లో ఊరేగింపు. గుర్రాల మీద జనం, వెనక కార్లు, ఎడమవైపు ఎత్తైన కౌబాయ్ బొమ్మ, వీధి చివర రైల్వే స్టేషన్. ఊరు పుట్టిన 1905 నాటిదని కొట్టువాడు చెప్పాడు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: కాదమ్మా. 1905 మే 15న రైల్వే కంపెనీ అక్కడ స్థలాలు వేలం వేసింది. అప్పటికి వీధి ఎక్కడిది? ఇసుక, డేరాలు. ఫ్రీమాంట్ స్ట్రీట్‌కి గట్టి రోడ్డు పడిందే 1925లో.

స్టూడియో నడిపిన రోజుల్లో అందరూ ఫొటోలో మొహాలు చూసేవారు, నేను వెనకున్నవి చూసేవాణ్ణి. మీ ఫొటోలో ఆ కౌబాయ్‌ని చూడండి. అతని పేరు వేగాస్ విక్, పయనీర్ క్లబ్ అనే కాసినో నియాన్ బొమ్మ. నిలబెట్టింది 1951లో. ఇక స్టేషన్. దాన్ని కూలగొట్టి ఆ చోట కట్టిన యూనియన్ ప్లాజా హోటల్ 1971లో తెరిచారు. కాబట్టి మీ ఫొటో ఈ రెంటికీ మధ్యది. కార్లకు ఒక్కో పక్క రెండేసి హెడ్‌లైట్లున్నాయా? ఉంటే సుమారు 1958 తర్వాతదే అనుకోవచ్చు.

ఊరేగింపు బహుశా హెల్డొరాడోది. ఆ ఊరి దగ్గర హూవర్ డ్యామ్ కట్టిన 1930లలో ఎల్క్స్ క్లబ్ అనే సంఘం వాళ్ళు మొదలుపెట్టిన ఉత్సవం అది. టూరిస్టుల కోసమే అయినా ఊరివాళ్ళే కౌబాయ్ బట్టలేసుకుని, గడ్డాలు పెంచుకుని తిరిగేవాళ్ళు. జనాభా లెక్కల్లో 1930లో అయిదు వేల పైచిలుకున్న ఊరు 1960కి అరవై నాలుగు వేలు దాటింది. కాసినోలంటే వేరే సంగతిగానీ, బడి పిల్లలు, దుకాణదార్లు, ఫైరింజన్లు కనిపించే ఇలాంటి ఫొటోలే నాకు ఎక్కువ ఇష్టం.

ఒకటి మాత్రం గమనించండి. గుంపులో నల్లజాతి వాళ్ళు ఉన్నారా? ఆ రోజుల్లో వాళ్ళను వెస్ట్‌సైడ్ అనే పేటకు నెట్టేశారు. పేరున్న గాయకులు కూడా హోటల్లో పాడి, పడుకోవడానికి అక్కడికే పోవాల్సి వచ్చేది. హోటళ్ళు, కాసినోలు అందరినీ రానిస్తామని ఒప్పుకున్నది 1960 మార్చిలో. అందుకని పాత ఫొటో చూసి ఊరంతా అక్కడే ఉందనుకోకండి.

ఫొటో వెనక పెన్నుతో రాయొద్దు, సిరా ముందుకు దిగుతుంది. మెత్తటి పెన్సిల్‌తో, అంచున, ‘1951 తర్వాత, 1971కి ముందు’ అని రాసిపెట్టండి. గ్లాసు ఫ్రేములో బిగిస్తే అద్దం ఫొటోకి అంటుకోకుండా మధ్యలో అట్ట పెట్టించండి.