కొడుకు వ్యాపారం, తండ్రి పదవి: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మేం ఇద్దరు అన్నదమ్ములం సార్. టీవీలో ఫలానా నాయకుడి కొడుకు కంపెనీల మీద చర్చ వస్తే చాలు, కంచాల ముందు కూర్చుని కూడా కొట్లాడుకుంటాం. మా అన్న 'నాయకుడి కడుపున పుట్టినంత మాత్రాన వ్యాపారం చేసుకోకూడదా?' అంటాడు. నేను 'తండ్రి కుర్చీ లేకపోతే ఆ వ్యాపారం ఎక్కడిది?' అంటాను. మా అమ్మకు ఇద్దరి మీదా కోపమే. ఎవరిది న్యాయం?
— ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: మీ అన్న మాటలో సగం న్యాయం ఉంది తమ్ముడూ, మిగతా సగం మీ దగ్గర ఉంది. వ్యాపారం చేసుకునే హక్కు అందరికీ ఉన్నట్టే ఆ అబ్బాయికీ ఉంది. చూడాల్సింది వేరే. ఆ వ్యాపారానికి కావాల్సిన ఫైలు తండ్రి బల్ల మీదికి గానీ, తండ్రి మాటకు బదిలీ అయిపోయే ఆఫీసరు బల్ల మీదికి గానీ వెళ్తోందా అన్నది. బట్టల కొట్టు పెడితే కొనేది మనం, నచ్చకపోతే పక్క కొట్టుకు పోతాం. అదే గని లీజు, సర్కారు భూమి, రోడ్డు కాంట్రాక్టు అయితే ఇచ్చేది ప్రభుత్వం. అక్కడ కొడుకు నోరు తెరిచి అడగక్కర్లేదు, దరఖాస్తులో ఇంటిపేరు కనబడితే చాలు.

ఇది ఈనాటి గొడవ కాదు. పంజాబ్ ముఖ్యమంత్రి ప్రతాప్ సింగ్ కైరాన్ మీద వచ్చిన ఆరోపణల్లో పెద్ద భాగం ఆయన కొడుకుల వ్యాపారాల గురించే. సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి ఎస్.ఆర్. దాస్ విచారించి, కొడుకులూ బంధువులూ తన పలుకుబడిని వాడుకుంటుంటే ఆయన చూసీ చూడనట్టు ఉన్నాడని తేల్చారు. 1964లో కైరాన్ రాజీనామా చేశారు. తర్వాత సంజయ్ గాంధీ మారుతి కంపెనీ వచ్చింది. తల్లి ప్రధానిగా ఉండగా కార్ల లైసెన్సు, హర్యానాలో భూమి దక్కిన తీరు మీద దుమారం రేగి, 1977లో జనతా ప్రభుత్వం జస్టిస్ ఎ.సి. గుప్తా కమిషన్ వేసింది.

మన దగ్గరికి వస్తే, కడప పేరు ఎత్తకుండా ఈ మాట ముగియదు కాబట్టి సూటిగానే చెప్తాను. తండ్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు జగన్ కంపెనీల్లోకి వచ్చిన పెట్టుబడులు, ప్రభుత్వం చేసిన మేళ్లకు బదులుగా వచ్చినవేనని సీబీఐ ఆరోపణ. 'క్విడ్ ప్రో కో' అన్న మాట మన టీ బంకుల దాకా వచ్చింది ఆ కేసుతోనే. 2011లో హైకోర్టు ఆదేశంతో కేసు నమోదైంది, 2012 మే 27న అరెస్టు చేశారు, 2013 సెప్టెంబర్‌లో బెయిల్ వచ్చింది. ఇదంతా రాజకీయ కక్ష అని ఆయన మొదటినుంచీ అంటున్నారు. అరెస్టు జరిగి పదేళ్లు దాటినా విచారణ ఒక కొలిక్కి రాలేదు. నాకు నిజంగా బాధ కలిగించేది అదే. తప్పు చేస్తే శిక్ష పడాలి, చేయకపోతే మచ్చ పోవాలి, రెండూ జరగకుండా ఇన్నేళ్లు నానబెడితే మీ ఇంట్లో లాగే ఊరూరా అన్నదమ్ములు కొట్లాడుకుంటారు. ఆరోపణ వేరు, ఎఫ్ఐఆర్ వేరు, ఛార్జిషీటు వేరు, తీర్పు వేరు. వాదించుకునేటప్పుడు ఏ మెట్టు మీద నిలబడి మాట్లాడుతున్నామో ఇద్దరూ చూసుకోండి.

ఇంకో మాట, ఇది మీ కర్నూలు జిల్లాదే. అప్పట్లో ఇక్కడ బస్సు రూట్ల జాతీయీకరణ, అంటే ప్రైవేటు బస్సుల రూట్లను సర్కారు తీసేసుకోవడం, రాజకీయ ప్రత్యర్థులను దెబ్బతీయడానికేనని బస్సు యజమానులు కోర్టుకెక్కారు. ఆ ఆరోపణను ఖండిస్తూ ముఖ్యమంత్రి అఫిడవిట్ వేయలేదని సుప్రీంకోర్టు ఎత్తిచూపింది. అప్పటి ముఖ్యమంత్రి మన అనంతపురం నీలం సంజీవరెడ్డి. ఎవరూ కేసు పెట్టి జైలుకు పంపలేదు, అయినా 1964లో ఆయన రాజీనామా చేశారు. మా నాన్న ఆ సంగతి చెప్పేటప్పుడు ప్రతిసారీ కళ్లజోడు తీసి పక్కన పెట్టేవాడు. ఆయనకు సంజీవరెడ్డి రాజకీయాలు నచ్చవు, కానీ ఆ ఒక్క పనికి మాత్రం గౌరవం.

ప్రశ్న: మా ఊరి దగ్గర ఒక నాయకుడి కొడుకు కంకర క్రషర్ నడుపుతున్నాడు. రాత్రంతా టిప్పర్లే, పొద్దున లేస్తే నీళ్ల బిందెల మీద, ఆరేసిన బట్టల మీద తెల్లటి దుమ్ము. నాయకుడి ఎన్నికల అఫిడవిట్ చూస్తే అందులో క్రషర్ ఊసే లేదు. అంటే దొంగ అఫిడవిట్ ఇచ్చినట్టా?
— ఒక పాఠకురాలు, తాడిపత్రి ప్రాంతం, అనంతపురం జిల్లా

జవాబు: లేదమ్మా, అలా అనడానికి లేదు. అభ్యర్థి అఫిడవిట్‌లో తన ఆస్తులు, భార్య లేదా భర్త ఆస్తులు, తన మీద ఆధారపడిన వాళ్ల ఆస్తులు చెప్పాలి. సొంత సంపాదన ఉన్న పెద్దకొడుకు 'ఆధారపడిన' వాడు కాదు కాబట్టి అతని పేరుతో ఉన్నది చూపకపోయినా చట్టప్రకారం తప్పు కాదు. మంత్రులకు ఒక ప్రవర్తనా నియమావళి ఉంది, లైసెన్సులు, లీజుల మీద నడిచే వ్యాపారాల్లో కుటుంబ సభ్యులు దిగకుండా చూసుకోవాలని అందులో ఉంది. కానీ అక్కడా కుటుంబం అంటే జీవిత భాగస్వామి, మైనర్ పిల్లలు, పూర్తిగా ఆధారపడ్డ బంధువులు మాత్రమే. పద్ధెనిమిదేళ్లు దాటి సొంతంగా సంపాదించుకుంటున్న కొడుకు ఈ రెండు వలల్లో దేనికీ చిక్కడు. నా కోపమంతా ఈ కంత మీద. ప్రభుత్వం నుంచి లీజు గానీ కాంట్రాక్టు గానీ తీసుకున్న ప్రతి పెద్దబిడ్డ పేరూ తండ్రి అఫిడవిట్‌లో ఉండాలి, ఏ పార్టీ వాళ్లయినా సరే.

అంతవరకూ మీరు చేయగలిగింది ఉంది. గనుల శాఖ జిల్లా కార్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, పది రూపాయల ఫీజు. 'అవినీతి జరిగిందా' అని రాయకండి, జవాబు రాదు. లీజు ఎవరి పేరున ఉంది, ఎన్ని హెక్టార్లు, ఏ తేదీ వరకు, ఇప్పటిదాకా కట్టిన సీనరేజీ (తవ్విన రాయికి సర్కారుకు కట్టే రుసుము) ఎంత అని కాగితాల నకళ్లు అడగండి. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి షరతుల నకలు మాత్రం ఆ మండలినే విడిగా అడగాలి. అనుమతులు ఎవరికిచ్చారో ఏ ఆఫీసైనా తనంతట తానే బయటపెట్టాలని 2005 చట్టం 4వ సెక్షన్‌లోనే ఉంది, ఆ మాట దరఖాస్తులో రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే అదే శాఖలో మొదటి అప్పీలు వేయండి. ఒంటరిగా కాకుండా వీధిలో నలుగురైదుగురు విడివిడిగా పెట్టండి, ఒక్కరి మీదే ఒత్తిడి పడదు.

ప్రశ్న: నాయకుడి కొడుకు గురించి వాట్సాప్‌లో వచ్చింది నలుగురికి పంపాను. ఇప్పుడు టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: అది నిజమని చూపే కాగితం మీ దగ్గర లేకపోతే ఈ రోజే తీసేయండి, పంపినవాళ్లకు కూడా 'నాకు ఆధారం లేదు, మీరూ తీసేయండి' అని రాయండి.