కృత్రిమ కాలిని కాదు, బాగున్న రెండో కాలిని చూడమనండి

మోకాలి కింద కాలు తీసేసిన మీ అమ్మగారికి గెయిట్ అనాలిసిస్ (నడకను కెమెరాలతో, యంత్రాలతో కొలిచే పరీక్ష) చేయించమన్నారు, అంత ఖర్చు అవసరమా అని మీరు అడిగారు. అవసరమే. అయితే రిపోర్టు చేతికొచ్చాక కృత్రిమ కాలి సంగతి తర్వాత, బాగున్న రెండో కాలి సంగతి ముందు అడగండి.

మాది నెల్లూరు. షుగరు వల్ల ఎడమకాలు తీసేశాక నాన్నగారు చెన్నై వేళచ్చేరిలో మా దగ్గరే ఉంటున్నారు. జైపూర్ కాలు అనే కృత్రిమ కాలుతో చక్కగా తిరిగేవారు. "కాలు లేదని తెలియనే తెలియదండీ" అనేవారు అందరూ. కొన్నాళ్లకు కుడి మోకాలు నొప్పి మొదలైంది. వయసన్నారు, మాత్రలిచ్చారు.

చివరికి గెయిట్ ల్యాబుకి తీసుకెళ్లాం. ఒంటికి మెరిసే చిన్న గుండ్లు అంటించి, చుట్టూ కెమెరాలు పెట్టి, నేలలో అమర్చిన ఫోర్స్ ప్లేట్ల (పాదం మోపే బరువును కొలిచే పలకల) మీదుగా నడవమన్నారు. నాన్నగారు ప్లేటు చూసుకుని కొలిచి అడుగేయబోతే, అక్కడున్న తెలుగమ్మాయి "తాతగారూ, కిందికి చూడకండి, ఎదురుగోడ చూస్తూ రండి" అంది. మామూలు నడకలో ఒక్కో పాదం మీద పడే బరువు గీత రెండు మూపురాలతో వస్తుంది. మడమ ఆనాక ఒకటి, వేళ్లతో నేలను తన్నేటప్పుడు ఇంకొకటి. నాన్నగారి ఎడమ గీతలో రెండోది దాదాపు లేదు. పిక్క లేని కాలు ఎలా తన్నుతుంది? కుడి గీత మాత్రం నిటారుగా లేచింది. ఎడమకాలి మీద బరువు మోపీ మోపకుండానే కుడికాలు దించేస్తున్నారు. చూసేవాళ్లకి తెలియకుండా కుంటుతున్నారన్నమాట, ఆ భారమంతా కుడి మోకాలు మోస్తోంది.

ప్రోస్థెటిస్టు (కృత్రిమ కాలు అమర్చే నిపుణుడు) సాకెట్, అంటే తీసేయగా మిగిలిన కాలు దూరే తొడుగు, విప్పి చూస్తే, మోకాలి కింద బయటివైపు ఎముక తల దగ్గర చర్మం కందిపోయి ఉంది. ఆ నొప్పి నాన్నగారు ఎవరికీ చెప్పలేదు. అక్కడ సాకెట్ సడలించి, ఎడమకాలి మీద బరువు మోపడం ఫిజియోథెరపిస్టు దగ్గరుండి అలవాటు చేశాక కుడి మోకాలు నెమ్మదించింది. మాత్రలు మానేశారు.

నాకు ఒళ్లు మండేది ఇంకోటుంది. చాలాచోట్ల మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి "రోజూ ఎంత నడుస్తారు?" అని అడిగి, దాన్నిబట్టే ఏ కృత్రిమ పాదం ఇవ్వాలో తేల్చేస్తారు. ఇదే చెన్నైలో ఐఐటీ వాళ్లు 2022లో మోకాలి పైన కాలు పోయినవాళ్ల కోసం 'కదం' అనే కృత్రిమ మోకాలు తెచ్చారు. తయారీ అంత ముందుకెళ్తుంటే కొలవడం మాత్రం కుర్చీ దగ్గరే ఆగిపోయింది! ఆరు నిమిషాల నడక పరీక్షకి 30 మీటర్ల వరండా, ఒక గడియారం చాలు. అదీ చేయరు.

ల్యాబు నేల నున్నగా ఉంటుంది. మా వీధి పేవ్‌మెంటు మీద రాళ్లు లేచిపోయి, బైకులు నిలిపి ఉంటాయి. అందుకే మెట్లమీదా, ర్యాంపుమీదా కూడా నడిపించి చూడమనండి. ల్యాబు కుదరకపోతే ఫోన్లో స్లో మోషన్ పెట్టి, వెనకనుంచీ పక్కనుంచీ వీడియో తీసి ప్రోస్థెటిస్టుకి చూపించండి. రోజూ సాకెట్ విప్పగానే స్టంప్ (తీసేయగా మిగిలిన కాలి భాగం) చూడండి. పది, పదిహేను నిమిషాల్లో పోని ఎరుపు కనిపిస్తే ఆలస్యం చేయకుండా వెళ్లండి.