నీ నాలుగో కథ చదివాక

ఏలూరు రోడ్డు,
విజయవాడ

అమ్మా,

మా ప్రచురణ సంస్థకి నువ్వు పంపిన ఎనిమిది కథలూ అందాయి. రెండు నెలలైనా జవాబు రాలేదని బెంగపడి ఉంటావు. ఏడు కథలు ఒక వారంలోనే చదివేశాను. నాలుగో కథ దగ్గర ఆగిపోయాను. ఇప్పటికి దాన్ని మూడుసార్లు చదివాను, ఈ ఉత్తరం రాయడానికి కూర్చునే ముందు ఇంకోసారి తీశాను. మా అమ్మాయి కంటే చిన్నదానివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

"నేను రచయిత్రిని అవుతానంటారా సార్?" అని అడిగావు. ఉత్తరమంతా టెన్షన్‌తో చదవకుండా దీనికి ముందే జవాబు చెప్పేస్తాను. ఆ నాలుగో కథ రాసిన మనిషి రచయిత్రే. మిగతా ఏడు కథలు రాసిన అమ్మాయి ఇంకా ఆమెను అందుకోవాలి. అందుకోగలదని నా నమ్మకం. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆ కథలో తల్లి చీకటి పడ్డాక మిర్చి యార్డు నుంచి ఇంటికొస్తుంది. పొద్దున్నించీ ముచ్చికలు తీసి తీసి చేతులు మండిపోతుంటాయి. ఉయ్యాల్లో పిల్లాడు ఏడుస్తుంటాడు. ఎత్తుకుందామని వంగి, చేతులు చాపి, గుర్తొచ్చి వెనక్కి తీసుకుంటుంది. గోడకి చేరగిలబడి కూర్చుని, కాలి బొటనవేలితో ఉయ్యాల ఊపుతుంది. పెద్దపిల్ల కంచంలో అన్నం కలుపుకొచ్చి తల్లి నోట్లో ముద్దలు పెడుతుంది. "కారం ఎక్కువైందామ్మా?" అని ఆ పిల్ల అడిగితే, "నాకు తెలవట్లేదే" అంటుంది తల్లి.

అక్కడ కాగితాలు పక్కన పెట్టి, కాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాను. గుంటూరు మిర్చి గురించి ఎంతమంది రాయలేదు! ఎగుమతులు, ధరలు, శీతల గిడ్డంగులు, రైతు కష్టం. కారం తెలియని నోరు గురించి నేనెక్కడా చదవలేదు. ఆ ఒక్క మాట నువ్వు కల్పించి ఉంటే గొప్ప, విని ఉంటే ఇంకా గొప్ప.

తర్వాతి పేరా దగ్గరే నా బాధ. "ఆ క్షణంలో శ్రమజీవుల జీవితాల్లోని విషాదం నా హృదయాన్ని కలచివేసింది. అమ్మ త్యాగానికి వెల కట్టగలమా?" అని మొదలుపెట్టి పన్నెండు పంక్తులు రాశావు. అది మొత్తం తీసెయ్. ఎందుకు తీసెయ్యాలో చెప్పాలంటే మా పాత ప్రెస్సు సంగతి ఒకటి చెప్పాలి.

నేను 1984లో ప్రూఫ్ రీడరుగా చేరాను. అప్పుడంతా లెటర్‌ప్రెస్. చెక్క కేసుల్లో గళ్లు, గళ్లలో సీసం అక్షరాలు. గుణింతాలు, వత్తులు అన్నీ కలిపి తెలుగుకి వందల రకాల టైపు కావాలి. కంపోజిటర్ ఎడమచేతిలో అక్షరాలు పేర్చే స్టిక్ పట్టుకుని, కాపీ, అంటే రచయిత రాతప్రతి, వైపు ఓ చూపు, కేసు వైపు ఓ చూపు చూస్తూ, కుడిచేత్తో ఒక్కో అక్షరమే ఏరి పేర్చేవాడు. మా దగ్గర ఒక పెద్దాయన ఉండేవాడు. పెద్దగా చదువుకోలేదు. కానీ ముప్పై ఏళ్లుగా అక్షరం అక్షరం కూర్చినవాడు. అంత నెమ్మదిగా తెలుగు సాహిత్యాన్ని చదివినవాళ్లు ఏ యూనివర్సిటీలోనూ ఉండరని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. తప్పులు దిద్దడానికి తీసే మొదటి నమూనా అచ్చు, గాలీ ప్రూఫు, నా బల్ల మీద పెడుతూ అప్పుడప్పుడూ, "ఈ లైను దగ్గర చెయ్యి ఆగిందండీ" అనేవాడు. కొన్ని పుస్తకాలకి మాత్రం, "కాపీ చూడక్కర్లేదండీ, తర్వాత మాటేంటో చేతికే తెలిసిపోతంది" అనేవాడు. హృదయాన్ని అనగానే ఆయన చెయ్యి 'క' ఉన్న గడి వైపు వెళ్లిపోయేది. కలచివేయడం కోసం.

నీ నాలుగో కథలో కాలి బొటనవేలి దగ్గర ఆయన చెయ్యి ఆగేది. ఆ పన్నెండు పంక్తులు చూడకుండానే కూర్చేసేవాడు.

అందుకని నీకో పని చెబుతాను. ఈ ఎనిమిది కథల్నీ ఒక నోట్‌బుక్‌లో చేత్తో తిరిగి రాయి. నువ్వు ఫోన్‌లో టైప్ చేస్తానని రాశావు. ఫోన్ రెండక్షరాలు కొట్టగానే మిగతా మాట తనే అందిస్తుంది, దానికి తెలిసినవన్నీ అందరూ వాడే మాటలే. చేత్తో రాసేటప్పుడు, ఎదురుగా ఉన్న కాపీ చూడకుండానే చెయ్యి తనంతట తను పరిగెత్తిన ప్రతి చోటా పెన్సిల్‌తో గీత పెట్టు. రాయడం అయ్యాక ఆ గీతల దగ్గరికి మళ్లీ రా. కొన్ని మాటలు ఉంచాల్సిందే, అన్నీ కొత్తగా ఉండాలంటే చదివేవాడికి ఊపిరాడదు. చాలావాటిని తీసేస్తే కథకి ఏమీ కాదు. ఇంకొన్ని చోట్ల అసలు అక్కడ ఏం జరిగిందో నువ్వు ఇంతవరకూ చూడలేదని తెలుస్తుంది. అక్కడే కూర్చుని పని చెయ్యాలి.

మిగతా ఏడు కథల గురించి ఎక్కువ రాయను. మూడింటిలో హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ దంపతులు, రెండింటిలో అమెరికాలో కొడుకు, ఇక్కడ ఒంటరి తల్లిదండ్రులు. చూడని జీవితం గురించి రాయకూడదని నేననను. కానీ ఆ ఇళ్లలో గిన్నెలు ఎక్కడ ఉంటాయో నీకు తెలియదు. అందుకే పాత్రలు ఎంతసేపూ సోఫాలో కూర్చుని కాఫీ తాగుతూ మాట్లాడుకుంటున్నాయి. మిర్చి కథలో ఎవరూ ఊరికే కూర్చోరు. ఏడో కథలో పక్కింటి టైలర్ బామ్మ సూదిలో దారం ఎక్కించమని వీధిలో పోయే పిల్లల్ని పిలిచే ఘట్టం మాత్రం బాగుంది. దాన్ని అక్కణ్ణుంచి తీసి వేరే కథ చెయ్యి.

భాష సంగతి. తల్లి మాట్లాడేటప్పుడు ముచ్చికలు అని రాసి, నువ్వు చెప్పేటప్పుడు తొడిమలు అని మార్చావు. గుంటూరు మాటలు ఉంటే బయటి జిల్లాలవాళ్లకి అర్థం కావేమో, ఎడిటర్లు చులకనగా చూస్తారేమో అని భయం వ్యక్తం చేశావు. ముచ్చికలు అనే ఉంచు, అంతటా. ఆ కథ చెప్పేది ఆ తల్లి కూతురు. ఇంట్లో విన్న మాట వదిలేసి ఇంకో మాట ఎందుకు వాడుతుంది? చెయ్యి కాయ తలని తుంచుతోందని రాశాక అర్థం కాని పాఠకుడు ఉండడు. మిర్చి బస్తాకి టిక్కీ, నాసిరకం కాయకి తాలుకాయ అన్న మాటల్ని కూడా అలాగే వదిలెయ్, వాటికి కింద వివరణలు పెట్టకు.

ఇప్పుడు అసలు నాకు నిద్రపట్టనివ్వని విషయానికి వస్తాను. ఎవరో 40,000 రూపాయలిస్తే పుస్తకం వేసి, వంద కాపీలు చేతికిచ్చి, జనవరి పుస్తక మహోత్సవంలో ఆవిష్కరణ కూడా పెట్టిస్తామన్నారని, అమ్మ గాజులు తాకట్టు పెట్టడానికి ఒప్పుకుందని రాశావు. వద్దమ్మా. ఈ ఒక్క విషయంలో నా మాట విను.

సొంత డబ్బుతో పుస్తకం వేసుకోవడం తప్పేమీ కాదు. తెలుగులో మంచి పుస్తకాలు చాలావరకు అలాగే వచ్చాయి. అయితే ఆ పని చేసేవాళ్లు లెక్క తెలుసుకుని చేస్తారు. కథల పుస్తకాలకి మామూలుగా వాడే డెమీ 1/8 సైజులో ఒక ఫారం అంటే 16 పేజీలు. నీ కథలు 112 పేజీలు వస్తే ఏడు ఫారాలు. ఎన్ని ఫారాలు, కాగితం మందం ఎన్ని జీఎస్ఎం, మొత్తం ఎన్ని కాపీలు అచ్చు వేస్తారు, నీకిచ్చిన వంద పోగా మిగిలినవి ఎవరి దగ్గర ఉంటాయి, ఎవరు అమ్ముతారు, అమ్మినదాంట్లో నీకెంత? నువ్వు పంపిన కాగితంలో వీటిలో ఒక్కదానికీ జవాబు లేదు. పుస్తకానికి గుర్తింపు నంబరు ఐఎస్‌బీఎన్ కోసం విడిగా డబ్బు వేశారు. మన దేశంలో ఆ నంబరుకి ఫీజు లేదు. రాజా రామ్మోహన్ రాయ్ పేరు మీద ఉన్న జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది, రచయితలు నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు.

ఆ కాగితంలో ఆరో షరతు ఇంకోసారి చదువు. "రచన సర్వహక్కులు ప్రచురణకర్తకు చెందును" అని ఉంది. డబ్బు నీది, కథ నీది, హక్కులు వాళ్లవి! 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం కథ రాసిన క్షణం నుంచి హక్కు రాసినవాళ్లదే, రిజిస్టర్ చేయించనక్కర్లేదు. నీ జీవితకాలం, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్లు అది నీది, నీ వారసులది. వేరేవాళ్లకి ఇవ్వాలంటే రాతపూర్వకంగా, నీ సంతకంతో ఇవ్వాలి. ఎంతకాలానికి అని రాయకపోతే ఐదేళ్లకే ఇచ్చినట్టు లెక్క. అందుకే వాళ్లు "శాశ్వతంగా" అనే మాట కూడా చేర్చారు. ఎవరు ఏ కాగితం ఇచ్చినా, మేమిచ్చినా సరే, ఏ హక్కు, ఎన్నేళ్లు, ఏ భాషకి అనేవి కనపడేదాకా సంతకం పెట్టకు. నాలుగో కథని రేపు ఎవరైనా సినిమాకి అడగొచ్చు, వేరే భాషలోకి అనువాదం చేస్తామని రావచ్చు. అప్పుడు ఇంకొకరి గుమ్మం ముందు నిలబడి నీ కథని నువ్వే అడుక్కునే స్థితి రాకూడదు.

జనవరికి పుస్తకం రాకపోతే ఏడాది పోయినట్టేనని రాశావు. నేను ఏటా ఆ రోజులన్నీ మా స్టాల్లో నిలబడతాను. స్వరాజ్ మైదానంలో జరిగినన్నాళ్లూ నిలబడ్డాను, అక్కడ అంబేడ్కర్ స్మృతివనం వచ్చి మహోత్సవం వేరే చోటికి మారాకా నిలబడుతున్నాను. పేరు తెలియని రచయిత పుస్తకాన్ని పాఠకుడు ఎలా చూస్తాడో చెబుతాను. అట్ట చూస్తాడు, తిప్పి వెనక నాలుగు మాటలు చదువుతాడు, తర్వాత మధ్యలో ఎక్కడో ఒక పేజీ తెరుస్తాడు. ముందుమాటలు ఎవరు రాశారో చూసేవాళ్లు తక్కువ. నిలబడే అర పేజీ చదువుతాడు. అది పట్టుకుంటే జేబులో చెయ్యి పెడతాడు, లేదంటే పుస్తకం తీసిన చోటే జాగ్రత్తగా పెట్టి వెళ్లిపోతాడు. ఈ సంవత్సరం నీ పుస్తకం అలా తెరిస్తే ఎనిమిదింటిలో ఏడుసార్లు సోఫా, కాఫీ వస్తాయి. ఈసారి నువ్వు పాఠకురాలిగా రా. ఒక సాయంత్రం మా స్టాల్లో నా పక్కన నిలబడి చూడు.

ఈలోగా చదువు. గుంటూరులో ఉండి పుస్తకాలు దొరకట్లేదంటే ఒప్పుకోను. బృందావన్ గార్డెన్స్‌లో వెంకటేశ్వరస్వామి గుడి ప్రాంగణంలో అన్నమయ్య గ్రంథాలయం ఉంది కదా. ఓపికుంటే ఒక రోజు వేటపాలెం వెళ్లు. అక్కడి సారస్వత నికేతనం గ్రంథాలయం 1918 నుంచీ ఉంది, పాత పత్రికలు దాచారు. వందేళ్ల కిందటి కథ ఒకటి తీసి, అందులో ఏ వాక్యం ఇప్పటికీ బతికుందో, ఏది ఎండిపోయిందో చూడు. నీ చెయ్యి పరిగెత్తిన మాటలు అప్పటివాళ్లకీ ఉన్నాయి.

మూడు పత్రికలు నీ కథల గురించి ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నాయని రాశావు. ఆ మౌనం ఎంత కొరుకుతుందో నాకు తెలుసు, ఎందుకంటే ఒకప్పుడు నేనూ అలాంటి పని చేశాను. ఎడిటరైన కొత్తలో పల్నాడు వైపు ఊరి నుంచి ఒకాయన నవల పంపాడు. "స్వీకరించలేకపోతున్నాం" అని ఒక్క ముక్క రాసి తిప్పి పంపేశాను. అందులో పొలం గట్టు తగాదా ఒకటి అద్భుతంగా ఉందని, మిగతాది తిరగరాయమని చెప్పాల్సింది. పని ఒత్తిడిలో చెప్పలేదు. పదిహేనేళ్ల తర్వాత ఆయన పుస్తక మహోత్సవంలో మా స్టాల్‌కి వచ్చి తన పేరు చెప్పుకున్నాడు. నాకు ఆ నవల గుర్తుంది, ఆ గట్టు తగాదా గుర్తుంది. ఇప్పుడేం రాస్తున్నారని అడిగాను. "ఇంకేం రాయలేదండీ. రాదేమో అనుకున్నా" అన్నాడు. అప్పుడు ఆయనకి ఏమని సమాధానం చెప్పాలో నాకు తెలియలేదు, ఇప్పటికీ తెలియదు. అప్పటినుంచీ ఒక్క మంచి పేజీ కనపడినా, ఆ పేజీ ఏదో చెప్పకుండా ఎవరి రాతప్రతీ వెనక్కి పంపలేదు.

నీకు పుస్తకం వేస్తామని ఇవాళ మాట ఇవ్వలేను. ఇస్తే అబద్ధం అవుతుంది. నాలుగో కథ స్థాయిలో పది కథలు తీసుకురా. మా సంస్థలో అందరి ముందూ నీ తరఫున నేను మాట్లాడతాను, నీ దగ్గర పైసా తీసుకోకుండా వెయ్యడానికి చెయ్యగలిగిందంతా చేస్తాను. ఏడాది పడుతుందో, మూడేళ్లు పడుతుందో, తొందరేమీ లేదు. ఉద్యోగం మానేస్తానని రాశావు, ఆ ఆలోచన కూడా పక్కన పెట్టు. రోజూ తెల్లవారుజామున ఒక గంట దొరికితే చాలు.

ముందు ఆ నాలుగో కథే సరిచేసి తెచ్చివ్వు. శుక్రవారాలు మధ్యాహ్నం మూడు తర్వాత నేను ఆఫీసులోనే ఉంటాను. బస్టాండులో దిగి ఆటో ఎక్కితే ఏలూరు రోడ్డుకి ఎంతోసేపు పట్టదు. అమ్మగారు వస్తానంటే ఆవిణ్ణీ తీసుకురా.

ఇంకొకటి. ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక ఆ తల్లి చేతులకి ఏం రాసుకుంది? కొబ్బరినూనా, మజ్జిగా, లేక చన్నీళ్ల బిందెకి అరచేతులు ఆనించి కూర్చుందా? కథలో లేదు. నాలుగుసార్లూ నేను దానికోసం వెతికాను. అమ్మగారిని అడిగి, ఆవిడ ఏ మాటల్లో చెబితే ఆ మాటల్లోనే రాసుకుని రా.

ఆశీస్సులతో,
నీ కథ కోసం ఎదురుచూస్తూ.